ఇసుకకు చెప్పిన మాట

అల్ మవాలే,
18 అక్టోబర్ 2024, శుక్రవారం

అమ్మా రజియాకు,

మీ అమ్మ మహబూబీ దువాలతో రాసేది. నువ్వు ఎట్ల ఉండావు? దగ్గు తగ్గిందా? నీ రూమ్‌లో ఉండే కవితకు వెన్నునొప్పి అన్నావే, పోయిందా? మీ ఇంటి ఓనరు ముసలాయన మోకాళ్లు ఎట్ల ఉన్నాయి? నువ్వు రోజూ పొద్దున పోయి సూది వేసే కొండమీది అవ్వకు షుగరు దిగిందా? నువ్వు కొన్న పాత కారు కూడా బాగుందా అని అడగాలనిపిస్తాంది. నవ్వొద్దు. ఆ జర్మనీలో నిన్ను మోసేది అదే గదా.

ఇక్కడ నేను వంట చేసే అరబ్బుల ఇంట్లో యజమాని బాబాకు జలుబు, మేడమ్‌కు బీపీ. పిల్లలు బాగుండారు. నా చెవులు అట్లే ఉన్నాయి. ఫోన్లో నువ్వు మాట్లాడితే నీళ్లలో మునిగి మాట్లాడినట్టు వస్తాంది, ఒక్క ముక్క అర్థం కాదు. అందుకే కాగితం మీద రాస్తాండా. పక్కింట్లో పనిచేసే గోదావరి ఆశ దీన్ని ఫోటో తీసి నీకు పంపుతుంది. నువ్వూ చేత్తోనే రాసి ఫోటో పంపు. అచ్చు అక్షరాలు నా కళ్లకు చీమల మాదిరి పాకుతాయి. నీ చేతిరాత అయితే పెద్దది చేసుకుని చదువుకుంటా.

నువ్వు పంపిన మూడు చక్రాల ఫోటో చూసినా. చలికాలానికి బండికి వేరే చక్రాలు వేయాలా? మనిషికి స్వెటరు వేసినట్టు? ఇది నేను ఎప్పుడూ వినలేదు. ఒకటి నల్లగా పెనం మాదిరి ఉంది, ఒకటి వెండి రంగు మూత వేసినట్టు ఉంది, ఇంకోటి పువ్వు మాదిరి మెరుస్తాంది. ఏది కొనమంటావమ్మా అని అడిగినావు. నల్లదాని పేరు స్టీలు అని ఉంటే, స్టీలే మంచిది, ఇన్నేళ్లు తోమినా నా గిన్నెలకు తుప్పు పట్టలేదు అన్నాను. ఆశ పడీపడీ నవ్వింది. "అయ్యబాబోయ్ మహబూబీ గారూ, అది మీ గిన్నెల స్టీలు కాదండీ, ఇనుమండీ! మీరు చక్రాల్లో పప్పు వండేలా ఉన్నారే!" అంది.

నవ్వితే నవ్వనీ. నాకు మాత్రం గుండెల్లో దడగా ఉంది. మంచు ఎప్పుడు పడుతుంది? నువ్వు ఒక్కదానివే ఆ కొండ ఎక్కాలా? వేరే ఎవరినీ పంపరా? వచ్చే శుక్రవారం మబేలా పోయి టైర్ల షాపులో ఓబయ్యను అడుగుతా. ఆయన మన కడప మనిషి, మీ నాయనకు స్నేహితుడు. చక్రాల పని తప్ప వేరే ఎరగడు. ఆయన చెప్పిందాకా ఏదీ కొనొద్దు.

నీ గురించే ఆలోచించే
మీ అమ్మ, మహబూబీ

*

27 అక్టోబర్ 2024

అమ్మకు సలాములు.

నా దగ్గు పోయింది. కవిత వెన్ను పరవాలేదు. ఓనరు తాత మోకాళ్లు చలికి బిగుసుకుపోయాయి, మెట్లు దిగేటప్పుడు వాళ్ల భాషలో ఎవరినో తిడుతూ ఉంటాడు. అవ్వకు షుగరు ఒకరోజు పైన, ఒకరోజు కింద. కారు బాగుంది, నువ్వు అడిగావని దానికి చెప్పాను.

నవ్వడానికి కాదు గానీ, చక్రాల సంగతి సరిగా రాస్తాను, విను. ఇక్కడ చలికి మామూలు టైరు రబ్బరు రాయిలా గట్టిపడి జారుతుంది. అందుకని మెత్తటి రబ్బరు టైర్లు వేరే ఉంటాయి. మంచు ఉన్నప్పుడు అవి లేకుండా బండి తీయకూడదు, అది చట్టం. ఆ టైర్లను ఇంకో నాలుగు చక్రాలకు ఎక్కించి ఉంచుకుంటే, ఎండలు వచ్చాక మొత్తం విప్పి పాతవి బిగించుకోవచ్చు. ఆ నాలుగు చక్రాలు ఏవి కొనాలన్నదే ఇప్పుడు ప్రశ్న.

నల్ల ఇనుప చక్రాలు చవక, బరువు. మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు పువ్వులా మెరిసే అల్లాయ్ చక్రాలను తినేస్తుంది, తెల్లగా పొక్కులు లేస్తాయి. గుంతలో పడితే ఇనుము వంగుతుంది, దాన్ని సరిచేయవచ్చు. అల్లాయ్ అయితే పగులుతుంది. గ్యారేజీ ఆయన ఇనుమే తీసుకో అన్నాడు. కవిత మాత్రం "అల్లాయ్ కొనుక్కోవే, ఆ నల్లవి వేస్తే శవాల బండిలా ఉంటుంది" అంటుంది. నాకూ ఆ నలుపు నచ్చలేదు. అందుకని ఇనుప చక్రాలు తీసుకుని, పైన ప్లాస్టిక్ మూతలు పెట్టించుకుంటాను. చూడడానికి అల్లాయ్‌లాగే ఉంటాయి.

కొండ మీదికి వేరేవాళ్లను పంపరు అమ్మా. సొంత కారు ఉందన్నందుకే ఆ రూటు నాకు ఇచ్చారు. నన్ను పరీక్షగా పెట్టుకున్న గడువు ఫిబ్రవరితో అయిపోతుంది. చలికాలమంతా ఆగకుండా ఆ రూటు నడిపితే ఉద్యోగం నాది, లేకపోతే లేదు. అవ్వ ఒక్కతే ఉంటుంది. నేను వెళ్లేదాకా టీ కూడా తాగకుండా కిటికీ దగ్గర కూర్చుంటుంది. కాబట్టి దడపడకు.

రజియా

*

అల్ మవాలే,
8 నవంబర్ 2024, శుక్రవారం

అమ్మా రజియాకు దువా.

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. నీకు జ్వరం ఏమీ లేదు గదా? అవ్వ టీ తాగకుండా కూర్చోవడం మంచిది కాదని చెప్పు.

రజియా, మూతలు వద్దు. నల్లగా ఉంటే ఉండనీ, శవాల బండి అంటే అననీ. మూత వేసిన చక్రాన్ని నమ్మొద్దు. నీకు తెలీదు, నువ్వు అప్పుడు రాయచోటిలో మీ జేజి దగ్గర చిన్నపిల్లవు. మీ నాయన తోలిన పికప్‌కు కంపెనీవాళ్లు మెరిసే మూతలు బిగించినారు. నిజ్వా రోడ్డు మీద బండి పల్టీ కొట్టినాక చూస్తే మూత కింద ఇనుము పగిలి ఉందంట. పైకి ఎంత బాగుండె! పొద్దున నేనే గుడ్డ తీసుకుని తుడిచినా. మూత తుడిచినా గాని కింద ఏముందో నాకేం తెలుసు.

మబేలా పోయినా. ఓబయ్య టైరు ఊడబెరుకుతా ఉండాడు. నీ ఫోటో చూపిస్తే కళ్లజోడు పైకి ఎత్తి శానాసేపు చూసినాడు.

"పాపకు చక్రాల కన్నా గాలి సంగతి చెప్పు అక్కా. మంచు అంటే ఏముంది, తెల్ల ఇసుక."

"నువ్వు చూసినావా మంచు?"

"నేను యాడ చూస్తా? వీడియోల్లో చూసినా. బండ్లు అచ్చం ఇసుకలో మాదిరే దిగబడతాండాయి. బిదియా ఎడారి ఇసుకలోకి పొయ్యేటోళ్లు ఏం చేస్తారు? గాలి సగానికి తీసి పోతారు. టైరు ఒంటె పాదం మాదిరి పరుచుకుంటాది. ఇంక దిగబడదు, జారదు. గాలి నిండా పెట్టుకుని ఇసుకలోకి పోయినోణ్ణి తాడు కట్టి లాక్కురావాల్సిందే."

నాకు ఆ మాట మనసుకు పట్టింది. ఒంటెను చూసిన దేశంలో ఇన్నేళ్లు ఉండి ఇది నాకెందుకు తోచలేదా అనుకున్నా. మంచు పడిన రోజు గాలి తగ్గించి పో. మూతలు తీసెయ్. ఈ రెండూ చేస్తే నాకు నిద్ర పడుతుంది.

ఓబయ్య నీకు ఆశీర్వాదాలు చెప్పినాడు. టీ కూడా ఇప్పించినాడు, చక్కెర ఎక్కువ.

మీ అమ్మ

*

17 నవంబర్ 2024

అమ్మకు,

నాకు జ్వరం లేదు. నువ్వు అన్నం మానొద్దు.

చక్రాలు బిగించేశారు. నల్ల ఇనుము, పైన మూతలు. తీయను. మూత అంటే చేత్తో లాగితే ఊడి వచ్చే ప్లాస్టిక్ పళ్లెం, అంతే. ప్రతి ఆదివారం నేనే తీసి, నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసి మళ్లీ పెడుతున్నాను. పగులు దాచిపెట్టడానికి కాదు, నేను వెళ్లే ఇళ్లవాళ్లు కిటికీలోంచి చూసి "ఏ డొక్కు బండో వచ్చింది" అనుకోకుండా ఉండడానికి. నా రంగు చూసి ఎలాగూ ఒకసారి చూస్తారు, చక్రాలు చూసి రెండోసారి ఎందుకు?

ఇంకో మాట. నాయనను ఇందులోకి తేకు. నాయన యాక్సిడెంటు మీద పోలీసులు ఇచ్చిన కాగితాలు నేను చదివాను అమ్మా. జూన్ ఎండకు పాత టైరు పేలిపోయిందని రాసి ఉంది. మూత పేరు లేదు, పగులు పేరు లేదు. నువ్వు ఎవరి దగ్గరో విన్నది పట్టుకుని ఇన్నేళ్లుగా మోస్తున్నావు, ఇప్పుడు నా నెత్తిన పెడుతున్నావు. నేను రోజూ బండెక్కేటప్పుడు నాయన గుర్తుకు రాకూడదు. వస్తే నడపలేను.

గాలి సంగతి గ్యారేజీలో అడుగుతాను.

ఓబయ్య మామకు నా సలాములు.

రజియా

*

అల్ మవాలే,
29 నవంబర్ 2024, శుక్రవారం

రజియాకు,

నువ్వు బాగుండావని తలుస్తా. కవిత బాగుందని తలుస్తా. నేను బాగానే ఉండా.

ఇంక మూతల మాట ఎత్తను. నువ్వు కాగితాలు చదివినదానివి, నేను చదవనిదాన్ని. మీ నాయనను పెట్టెలో పెట్టి విమానం ఎక్కించింది మాత్రం నేనే. ఆ పొద్దు నాకు ఎవరేం చెప్పినారో నాకు తెలుసు. పోనీ. నీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకో.

ఆశ అంటాది, "మీ అమ్మాయి ఎంత బాగా రాసిందండీ, లాయరమ్మలా! మీరెందుకండీ ముక్కు చీదుతారూ" అని. దానికేం, దాని కూతురు ఇక్కడే అల్ ఖువైర్‌లో ఆఫీసులో పనిచేస్తాంది, బస్సెక్కి పోయి బస్సెక్కి వస్తాది.

మొన్న బాబావాళ్లు పిల్లలను బిదియా ఇసుకకు తీసుకుపోయినారు. వంటకు నన్నూ పిలుచుకుపోయినారు. ఇసుక మొదలయ్యే తావున బాబా బండి ఆపి, పొడుగు కందూరా అంగీ మోకాళ్ల దాకా మడుచుకుని కూర్చున్నాడు. చక్రం పక్కన చిన్న పిన్ను ఉంటుంది, దాని మూత తిప్పి పుల్లతో నొక్కితే బుస్సుమని గాలి పోయింది. నాలుగు చక్రాలకూ అట్లే. ఇంక చూసుకో, బండి ఇసుక మీద తేలిపోయింది! పక్కన ఎవరిదో గాలి తీయని బండి కడుపు దాకా కూరుకుపోయి ఉంది. ఓబయ్య చెప్పింది నా కళ్లతో చూసినా.

అందుకని మళ్లీ రాస్తాండా. మూతల సంగతిలో నా మాట కాదన్నావు, సరే. ఈ ఒక్కటి విను. మంచు పడిన రోజు ముందు చక్రాలకైనా గాలి సగానికి తీసి పో. నిన్ను కన్నందుకు ఇది ఒక్కటి అడుగుతాండా.

అమ్మ

*

15 డిసెంబర్ 2024

అమ్మకు,

నేను బాగున్నాను. కవిత బాగుంది. ఇక్కడ మంచు బాగా పడింది.

చక్రాల సంగతి తీరిపోయింది. ఇక వాటి గురించి అడగొద్దు.

పని ఎక్కువగా ఉంది, కొన్నాళ్లు పెద్ద ఉత్తరం రాయలేను.

రజియా

*

అల్ మవాలే,
20 డిసెంబర్ 2024, శుక్రవారం

రజియా, నా తల్లీ,

ఇది నీ రాత కాదు. నీ 'ర' గుండ్రంగా గాజు మాదిరి ఉంటుంది. ఇది కోడి కెలికినట్టు ఉంది. లైను కిందికి జారిపోతాంది. కవిత చేత రాయించినావేమో అనుకున్నా. కవిత అయితే ఇంతకన్నా బాగా రాస్తాది. ఎడమ చేత్తో రాసినావు. కుడి చేతికి ఏమైంది?

ఫోటో పట్టుకుని ఆశ దగ్గరికి పరుగెత్తినా. "మీకు ప్రతిదీ అనుమానమేనండీ, చలికి వేళ్లు వంకర్లు పోయుంటాయి" అంది. నేను ఊరుకోలేదు. దాని ఫోన్లోంచి కవితకు అడగమన్నా. కవిత మొదట చెప్పలేదంట. తర్వాత ఆశ మొహం చూస్తే నాకు తెలిసిపోయింది. నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది. "కారు కాలవలో పడిందంటండీ. చెయ్యి విరిగిందంట. ప్రాణానికి ఏం లేదంటండీ, ముందు కూర్చోండి." నేను కూర్చోలేదు. పొయ్యి మీద మేడమ్ కోసం పెట్టిన పాలు పొంగి పొయ్యంతా పోయినాయి. నేను చూస్తా నిలబడినా.

చెప్పినానా లేదా? మూతలు వద్దని మొత్తుకున్నానా లేదా? నల్ల చక్రాలు ఉంటే ఎవరేం అనుకుంటే నీకేం? కిటికీలో చూసేవాళ్లు వచ్చి నీ చెయ్యి అతికిస్తారా? మూత కింద నట్టు వదులై ఉంటాది. మీ నాయన మాట ఎత్తితే ఎత్తొద్దన్నావు. ఇప్పుడు ఎత్తకుండా ఎట్ల ఉండేది? అదే చావు నిన్నూ వెతుక్కుంటా వచ్చింది, అల్లా అడ్డం పడినాడు. షోకు కోసం చేసినావు రజియా. నా మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి విని ఉంటే!

ఎముక ఏ తావున విరిగింది? ఆపరేషన్ చేసినారా? అన్నం ఎవరు తినిపిస్తాండారు? జడ ఎవరు వేస్తాండారు? నాకు అబద్ధం రాయొద్దు.

అమ్మ

*

5 జనవరి 2025

అమ్మకు,

ఈ ఉత్తరం రాయకూడదనుకున్నాను. నీ ఉత్తరం చదివాక మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు ఇలాగే ఉంటాయి.

మూతల వల్ల కాదు. నట్లు బాగున్నాయి. ఇనుప చక్రం కూడా బాగుంది, అంత దెబ్బ తిని కొంచెం వంగిందంతే. మూత ఒకటి ఎగిరి మంచులో పడితే ఎవరో తెచ్చి ఇచ్చారు, దానికి గీత కూడా పడలేదు.

గాలి వల్ల.

డిసెంబర్ మొదట్లో మొదటిసారి గట్టిగా మంచు పడింది. కారు తుడుస్తుంటే నీ ఉత్తరం గుర్తుకు వచ్చింది. మూతల విషయంలో నిన్ను కసిరాను, నువ్వు ముక్కు చీదావని రాశావు. అమ్మ మాట ఒక్కటైనా విందాం అనుకున్నాను. కూర్చుని, తాళంచెవి కొనతో పిన్ను నొక్కి, ముందు చక్రాలకు సగం గాలి తీశాను. నువ్వు రాసినట్టే బుస్సుమంది. నాకు అప్పుడు సంతోషం వేసింది అమ్మా, నిజంగా. నువ్వు నా పక్కన నిలబడి ఉన్నట్టు అనిపించింది.

ఎక్కడం బాగానే ఎక్కింది. మలుపు దగ్గర మంచు ఊడ్చేసి ఉంది, గట్టి తారు రోడ్డు. స్టీరింగు తిప్పగానే గాలి లేని టైరు చక్రం మీద నుంచి ఊడిపోయింది. ఇనుము రోడ్డును గీరుతున్న చప్పుడు విన్నాను. తర్వాత కాలవ.

గ్యారేజీ ఆయన నన్ను అడిగాడు, చలికి గాలి దానంతట అదే తగ్గుతుంది, మేము ఇంకాస్త ఎక్కించి పంపుతాం, ఎవరు తీశారు అని. నేనే తీశాను అన్నాను. ముందే ఆయనను అడుగుతానని నీకు రాశాను గదా, అడగలేదు. ఇసుక, ఒంటె పాదం, ఇవన్నీ ఆ భాషలో చెప్పాలంటే సిగ్గేసింది.

అవ్వకు ఆ పొద్దు సూది పడలేదు. నేను రాలేదని చూడడానికి లేచి వాకిలి దగ్గర పడిపోయింది. పక్కింటివాళ్లు చూసేసరికి ఆలస్యమైంది. ప్రాణం ఉంది. కానీ ఇక ఒక్కతే ఉండలేదని వృద్ధుల ఆశ్రమానికి మార్చారు. కొండ మీది ఇల్లు తాళం వేశారు.

నా మణికట్టు రెండు చోట్ల విరిగింది. లోపల ప్లేటు వేశారు. పూర్తిగా తిరుగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. జడ కవిత వేస్తోంది.

నువ్వు అడిగావు కాబట్టి రాశాను. నువ్వు షోకు అని రాయకపోతే ఎప్పటికీ రాసేదాన్ని కాదు.

రజియా

*

అల్ మవాలే,
17 జనవరి 2025, శుక్రవారం

రజియాకు,

ఏం రాయాలో తెలీక వారం పోయింది.

బిదియాలో నేను నీకు రాయనిది ఒకటి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు, తారు రోడ్డు ఎక్కకముందే, బాబా ఒక షాపు దగ్గర ఆగి నాలుగు చక్రాలకూ గాలి పట్టించినాడు. నేను వెనక సీట్లో పిల్లల ప్లేట్లు సంచిలో సర్దుకుంటా ఉండా. చూసినా. కానీ అది కూడా చెప్పాల్సిన మాటని నాకు తోచలేదు. తీసింది రాసినా, నింపింది రాయలేదు.

మబేలా పోయినా. ఓబయ్యకు నీ ఉత్తరం చదివి వినిపించినా. చేతిలో పాన ఉండింది, అట్లే పట్టుకుని కూర్చుండిపోయినాడు. గిరాకీ వచ్చి హారన్ కొడతా ఉంటే లేవలేదు.

"రోడ్డెక్కేటప్పుడు నింపుకోవాలని నేను చెప్పలేదా అక్కా?"

"చెప్పలేదు."

"అది అందరికీ తెలిసిందే గదా అనుకున్నా. ఇక్కడ చిన్నపిల్లోళ్లకు కూడా తెలుసు. ఆ మంచును ఊడుస్తారని నాకేం తెలుసక్కా? ఇసుకను ఎవడూ ఊడ్చడు గదా."

ఆయన మీద అరవాలని పోయినా. అరవలేకపోయినా. ఇద్దరమూ చూడని దాని గురించి ఇద్దరమూ చెప్పినాము. ఆయన నన్ను బస్టాపు దాకా వచ్చి ఎక్కించినాడు. పాపకు ఫోన్ చేసి మాట్లాడతా అన్నాడు. ఇప్పుడు వద్దన్నా.

నువ్వు దెబ్బ తగిలి పడుకుని ఉంటే నేను నిన్ను షోకు అన్నాను. ఆ ఉత్తరాన్ని ఆశ ఫోన్లోంచి తీసెయ్యమన్నా. "ఇక్కడ తీస్తే అక్కడ పోదండీ" అంది. నీ దగ్గర ఉన్నది నువ్వు తీసెయ్.

అవ్వ సంగతే తలుచుకుంటా ఉండా. ఆమె పేరు కూడా నాకు తెలీదు. నాలాంటి మనిషే. నీకోసం టీ తాగకుండా కూర్చునేది. ఆమెకు నా గురించి చెప్పినావా? చెప్పొద్దు. కాదు, చెప్పు. నాకు తెలీడం లేదు.

నీ చెయ్యి తిరగకపోతే సూది ఎట్ల వేస్తావు? నర్సువు గదా. ఇంకేం అడగను. రెక్కలు ఉంటే వచ్చేదాన్ని. ఒకసారి రాలేవా? నీ మొహం చూస్తే చాలు.

అమ్మ

*

26 జనవరి 2025

అమ్మకు,

కట్టు విప్పారు. చెయ్యి సన్నగా, ఎవరిదో చెయ్యిలా ఉంది. వేళ్లు కదులుతున్నాయి. మణికట్టు సగమే తిరుగుతుంది. రోజూ వ్యాయామం చేయిస్తున్నారు.

ఉద్యోగం గురించి చెప్పారు. ఫిబ్రవరితో ఆపేస్తారు. కోపంగా చెప్పలేదు, మర్యాదగానే చెప్పారు. చెయ్యి బాగయ్యాక వేరే చోట అడుగుతాను. కవిత తన ఆసుపత్రిలో కనుక్కుంటోంది.

కారు బాగుచేయించాను. వంగిన చక్రం ఒక్కటి మార్చారు. మూతలు గ్యారేజీ ఆయన మళ్లీ పెడతానంటే వద్దన్నాను, నువ్వు చెప్పినందుకు కాదు. ఇప్పుడు ఏ ఇంటి ముందూ ఆగడం లేదు గదా, ఎవరు చూస్తారని. నల్ల చక్రాలతో అలాగే ఉంది. ఇంకా నడపలేదు. దాని దగ్గరికి వెళ్లి నిలబడి తిరిగి వస్తున్నాను.

అవ్వను చూడడానికి ఆశ్రమానికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టింది, కానీ ఆ రోజు సంగతి ఆమెకు గుర్తు లేదు. "ఇవాళ ఆలస్యంగా వచ్చావే" అంది. నీ గురించి చెప్పలేదు.

నీ ఉత్తరం తీసెయ్యలేదు అమ్మా. కోపంతో కాదు. తీయడానికి చేతులు రాలేదు.

నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. అది నిజం కాదు. కొన్ని పొద్దులు ఉంటుంది, కొన్ని పొద్దులు ఉండదు. అందుకే వస్తున్నాను. దూరంగానే ఉంటే అది అలాగే గట్టిపడిపోతుందేమోనని భయం. పది రోజులు ఉంటాను. ఆశ గారు తన రూమ్‌లో చోటు ఇస్తానన్నారు, కవితతో మాట్లాడారట.

ఒక్కటే అడుగుతున్నాను. అక్కడికి వచ్చాక నాకు ఏమీ చెప్పొద్దు. చెయ్యికి ఏం రాయాలో, ఏం తినాలో, ఏ దర్గాకు మొక్కుకున్నావో, ఏదీ వద్దు. ఏడవొద్దు. నా పక్కన ఊరికే కూర్చో. టికెట్ వివరాలు ఆశ గారి ఫోన్‌కు పంపాను, చూసి నీకు వీలవుతుందో లేదో రాయి.

రజియా

*

అల్ మవాలే,
31 జనవరి 2025, శుక్రవారం

రజియాకు,

వీలవుతుంది. మేడమ్‌ను అడిగినా, సెలవు ఇచ్చింది. ఆశ మంచం ఖాళీ చేసి కింద పరుపు వేసుకుంది. "పిల్లొచ్చేదాకా మీరు ఇలా రోజూ నా రూమ్ ఊడ్చకండీ, నేలకు చిల్లు పడుతుంది" అంటాంది.

ఓబయ్య ఎయిర్‌పోర్టుకు బండి తెస్తా అన్నాడు. పాప సరే అంటేనే అన్నా. నువ్వు సరే అంటే తెస్తాడు, వద్దంటే ఇద్దరమూ టాక్సీలో వద్దాం. ఏదైనా ఒక్క మాట రాయి.

పైన కొట్టేసిన రెండు లైన్లు చదవడానికి చూడొద్దు. ఏదో రాయబోయి ఆపుకున్నా. చెప్పొద్దన్నావు గదా. ఇంకా ఆపుకోవడం అలవాటు కాలేదు. నువ్వు వచ్చేలోగా నేర్చుకుంటా.

నువ్వు వచ్చేది ఫిబ్రవరి పదమూడు, గురువారం, పొద్దున. నేను బయట నిలబడి ఉంటా.

అమ్మ